ఆరిన బట్టీ, ఆరని ప్యాంటు

పిడుగురాళ్లలో సున్నపు బట్టీ పొగ వదలడం లేదంటే పండగైనా అయ్యుండాలి, యజమానికి జబ్బైనా చేసుండాలి. ఆ రోజు రెండూ కాదు. బట్టీ యజమాని వెంకటకృష్ణయ్య గారు నిక్షేపంగా, కొత్త అల్లుణ్ణి చూపించే మామగారిలా బట్టీ పక్కన నిలబడి ఉన్నారు. బట్టీకి వెల్ల వేయించారు, ముందు ముగ్గు పెట్టించారు. అన్నిటికన్నా ఘనకార్యం, మొన్ననే దాన్ని ఆర్పించేశారు.

"హైదరాబాదు నుంచి ఆఫీసరు వస్తంటే పొగలో నిలబెడతామా అమ్మాయ్! మన మర్యాదేం గావాల?" అన్నారు హైమావతితో.

హైమావతి భర్త వైపు చూసింది. ధనుంజయరావు ముఖం ఆ వెల్లకన్నా తెల్లగా ఉంది.

ఆయన నరసరావుపేట కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్. రోజూ రైల్లో వెళ్లొచ్చేవాడు. బట్టీ పొగలోని కార్బన్ డయాక్సైడును గాలిలో కలవనీయకుండా పట్టి, చాకలి సోడా నీళ్లలోకి పంపి, వంటసోడా చేయాలని ఆయన పరిశోధన. ఎనభై నాలుగులో ప్రభుత్వం ఇచ్చిన మొదటి గ్రాంటు పీపాలకీ గొట్టాలకీ బ్లోయరుకీ అయిపోయింది. రెండో గ్రాంటు ఈ ఆఫీసరు చూసి రాసే మాట మీద ఉంది. ఆయన వద్దంటే పీపాలు పాతసామాన్ల కొట్టుకి, మొగుడి నిట్టూర్పులు హైమావతికి.

ఆఫీసరు ముసురులో దిగాడు. చేతిలో ఒక తోలుసంచీ, ఒంటి మీద బట్టలు, అంతే. బురదలో బట్టీ చుట్టూ తిరిగి అడిగాడు.

"పొగేదండీ?"

"పొగ తగ్గించాలనే గదండీ తమరి తిప్పలన్నీ? నేను మొత్తానికే ఆపేశా!" అన్నారు వెంకటకృష్ణయ్య గారు.

ఆఫీసరుకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ధనుంజయరావు పోయిన వారం తీసిన వంటసోడా డబ్బా చూపించాడు.

"ఇది బజార్లో కొన్నది కాదని నేనెట్లా రాయను మాస్టారూ? కళ్లతో చూసిందే రాయాలి. సాయంత్రం రైలుకి వెళ్లిపోవాలి నేను."

పెద్దాయన ముఖం వాడిపోయింది. "ఎంత పని చేశాన్రా దేవుడా! ఇప్పుడే అంటిస్తా బాబూ. తెల్లారేసరికి అందుకుంటది."

"తెల్లారేదాకా ఉండలేనండీ."

భోజనానికి ఇంటికొచ్చారు. వడ్డించబోతూ హైమావతి ఆఫీసరు ప్యాంటు చూసింది. మోకాళ్ల దాకా సున్నపు బురద.

"అయ్యో అన్నయ్యగారూ! తడి సున్నం గుడ్డని తినేస్తుందండీ. నేనూ బీయస్సీ కెమిస్ట్రీనే. ఈయన లుంగీ కట్టుకోండి, ఒక్క నీళ్లలో జాడించిస్తా."

ఆఫీసరు మొహమాటపడి, మొహమాటంతోనే ఇచ్చేశాడు. ఒక్క నీళ్లలో కాదు, అవసరానికి మించి నాలుగు నీళ్లలో జాడించింది. పిండటం మాత్రం మరిచిపోయింది. వసారాలో, జల్లు కొట్టే వైపు ఆరేసింది.

రైలు వేళయింది. ప్యాంటు నుంచి ధార తగ్గలేదు.

"ఇస్త్రీ పెట్టె ఉందామ్మా?"

"పక్కింటి ఖైరున్నీసా అక్క పట్టుకెళ్లిందండీ. ఆమె మాచర్లలో ఉంది."

ధనుంజయరావు అటక వైపు చూశాడు. భార్య అతని వైపు చూసింది. అతను చటుక్కున పేపరు తీశాడు.

లుంగీతో హైదరాబాదు వెళ్లే ధైర్యం ఆఫీసరుకి లేదు. ఉండిపోయాడు.

తెల్లవారి బట్టీ దగ్గర నల్లని పొగ లేస్తోంది. వెంకటకృష్ణయ్య గారు మసిబట్టిన ముఖంతో, ఎర్రబడ్డ కళ్లతో బొగ్గు వేయిస్తున్నారు. ఆఫీసరు లుంగీ ఎగ్గట్టి పీపా పక్కన కూర్చున్నాడు. గొట్టంలోంచి నీళ్లలోకి బుడగలు బుడబుడమన్నాయి. రెండు గంటలకి అడుగున తెల్లగా పేరుకోవడం మొదలైంది. ఆఫీసరు వేలితో తీసి చూశాడు, గాజుగొట్టంలో వేసి కాచి చూశాడు, ధనుంజయరావుని చంపుకు తినేలా ప్రశ్నలు వేశాడు. ధనుంజయరావు మాత్రం పెళ్లిపందిట్లోలా వెలిగిపోతూ జవాబులు చెప్పాడు.

ఆఫీసరు అక్కడే, పీపా మూత మీద కాగితం పెట్టుకుని, రెండో గ్రాంటు ఇవ్వాలని రాసి సంతకం పెట్టాడు.

ఇంటికొచ్చేసరికి ప్యాంటు, కత్తిలాంటి మడతతో కుర్చీ మీద ఉంది.

"ఖైరున్నీసా గారు వచ్చారా అమ్మా?" అన్నాడు ఆఫీసరు. "పొద్దున్నుంచీ మాచర్ల రైలు కూత వినపడలేదే!"

"బస్సులో వచ్చిందేమోనండీ," అంది హైమావతి. "కాఫీలో చక్కెర సరిపోయిందా?"