గాలి ఆడని దిబ్బ

పశువుల కొట్టంలోని పేడ, ఇంటి కసువు గంపకెత్తి దొడ్లోని ఎరువుదిబ్బ మీద పోయడం నాగలక్ష్మమ్మకు రోజూ పొద్దుటి పని. రైతులకు సేద్యం నేర్పడానికి ఊరికి కొత్తగా వచ్చిన గ్రామసేవకుడు అరుగు మీద మగవాళ్లకు చెబుతుంటే ఆమె తలుపు వెనక నిలబడి విన్నది: దిబ్బకు గాలి కావాలని. ఆ మధ్యాహ్నమే దిబ్బలో నిలువునా కందికట్టెలు గుచ్చి, దిబ్బ కుదురుకున్నాక పీకేసింది. ఆ బొరియల్లోంచి పొద్దుటి చలిలో ఆవిరి లేచేది. చెయ్యి పెడితే లోపల వెచ్చగా ఉండేది. ఈ ఇంటికి వచ్చిన పదకొండేండ్లలో తన బుర్రతో ఆలోచించి చేసిన పని ఇదొక్కటే. ఎరువు బాగా మాగితే, అది తన పనేనని ఇంట్లో ఒక్కరైనా అంటారని ఎదురుచూసింది.

ఎరువుదిబ్బలు చూడడానికి ఆత్మకూరు నుంచి ఆఫీసరు వస్తాడని తెలిసి భర్త పెద్దసుబ్బయ్య దొడ్లోకి వచ్చాడు.

"ఏందే ఈ బొక్కలు? ఎలకలు తోడినట్టుండాది. ఎర్రమట్టితో నున్నగా అలికి ముగ్గెయ్యి."

"అలికితే గాలాడదు. లోపల కుళ్లిపోతాది. ఆ సేవకుడు చెప్పినాడు గదా."

"నాలుగో తరగతి చదివి నాకు సేద్యం నేర్పిస్తాండావా?"

వసారాలో వత్తులు చేస్తున్న అత్త పుల్లమ్మ తల ఎత్తలేదు. "మొగోడు చెప్పినంక అలుకు పోమ్మా."

అలికింది. ఒక్కో బొరియనూ తన వేళ్లతోనే పూడుస్తుంటే నిద్రపోయే బిడ్డ మొహాన గుడ్డ కప్పుతున్నట్టు అనిపించింది. ముగ్గు మాత్రం బాగుందన్నారు అందరూ.

మూడు వారాలకు జీపులో ఆఫీసరు వచ్చి, పారతో దిబ్బ కోయించాడు. లోపల నల్లగా, జిగటగా, మురుక్కాలువ కంపు.

"ఎవరయ్యా దీన్నిట్లా మూసింది? గాలి లేక చెడిపోయింది" అన్నాడు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని.

"మా ఆడోళ్లు సార్. వాళ్లకేం తెలుస్తాది, ఇల్లనుకోని అలికినారు" అన్నాడు పెద్దసుబ్బయ్య. అందరూ నవ్వారు.

వంటింట్లో మజ్జిగ చిలుకుతున్న నాగలక్ష్మమ్మ చేతులు ఆగిపోయాయి. పక్కనున్న పుల్లమ్మ మెల్లగా అన్నది: "నువ్వు చెప్పిందే నిజమమ్మా. నలభై ఏండ్లు పెంట మోసినదాన్ని, నాకు తెలీదా? మొదట్లో నేనూ చెప్తాంటి. మీ మామ ఇట్లనే నగుతాండె. ఆనక మానుకున్నా."

నాగలక్ష్మమ్మ అత్త మొహంలోకి చూసింది. అందులో కోపం లేదు, బాధ కూడా లేదు. ఇంకో ముప్పై ఏండ్లకు తనూ ఎవరో కోడలికి ఇంత మెల్లగానే చెబుతుందేమో.

"మజ్జిగ ఏమాయె?" బయటినుంచి కేక.

లోటాలు తీసుకుపోయి అందరి ముందూ పెట్టింది. పెట్టి, ఎప్పటిలా వెనుదిరగలేదు.

"అలకొద్దని నేను చెప్పినా సార్. ఆయనే అలకమన్నాడు."

పెద్దసుబ్బయ్య నవ్వు ఆగింది. జీపు పోయాక ఏమవుతుందో ఆమెకు తెలుసు. అయినా, చెడిన దిబ్బను మళ్లీ ఎట్లా దారికి తేవాలో చెప్పడం మొదలుపెట్టింది.