సెలీన్ చదివిన నీలగర్భం

చిన్నప్పకు ఏడుపు రాలేదు. బంగారు గనుల పక్కనున్న ఆండర్సన్‌పేటలో అప్పట్లో అందరూ చెప్పుకున్న మాట అదే. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన భార్యను మట్టిలో పెట్టి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఎవరో పెట్టిన ఇడ్లీలు తిని, నిమ్మకు నీరెత్తినట్టు గోడకు చేరగిలబడ్డాడట. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. వేసుకోరూ మరి! ఓదార్చడానికి వచ్చినవాళ్ళకు ఏడ్చే మనిషి కావాలి. ఏడవనివాడి ముందు ఎంతసేపని కూర్చుంటారు? కాఫీ తాగి, గొంతు సవరించుకుని, ఒక్కొక్కరే లేచిపోయారు.

అసలు సంగతి ఏమిటంటే చిన్నప్పకు లోపల ఏమీ లేదు. దుఃఖాన్ని దాచుకున్నాడనుకుంటే పొరపాటు, దాచుకోవడానికి ఉంటే గదా. పళ్ళ డాక్టరు సూది వేశాక దవడ ఎలా ఉంటుందో, మనిషి మొత్తం అలా ఉన్నాడు. పెడితే తినేవాడు, పిలిస్తే వెళ్ళేవాడు. కూతురు ఇసబెల్లా బంగారుపేట నుంచి వారానికోసారి వచ్చి, ఏదైనా మాట్లాడు నాన్నా అని బతిమాలితే, ఏం మాట్లాడేది అని ఆమెనే అడిగేవాడు. సెలీన్ సంగతి ఎవరైనా ఎత్తితే ‘ఆయమ్మ లేదు గదా’ అనేవాడు. బజారుకు పోయిన మనిషిని గురించి చెప్పినట్టు ఉండేది ఆ మాట.

బంగారు గని సర్కారు చేతికి వచ్చిన తర్వాత పనిలో చేరినవాడు చిన్నప్ప. నేల కింద రాయి కూలకుండా దుంగలు నిలబెట్టే పని. గనిలో రాబడి తగ్గి మనుషులను ముందుగానే ఇంటికి పంపిస్తుంటే తనూ సంతకం పెట్టి బయటపడ్డాడు. కంపెనీ ఇల్లు ఖాళీ చేసి, బట్టల కొట్టు నంజుండప్ప ఇంటి వెనక రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. ఆ కొట్టుకు సెలీన్ ఎప్పటినుంచో రవికలు కుట్టేది. కొత్త ఇంట్లో ఆమె ఆరు నెలలు కూడా ఉండలేదు.

అలా ఏడాది గడిచింది. ఒక రోజు నంజుండప్ప భార్య అంబుజమ్మ పెరటి గుమ్మంలో నిలబడి, మన ‘నీలగర్భం’ ఆదివారం నుంచి టీవీలో వస్తుందట అని చెప్పింది. చిన్నప్ప తలెత్తి చూశాడు. ఏడాదిలో ఆ మనిషి తనంతట తాను తలెత్తి చూడటం ఆమె ఎరగదు.

నీలగర్భం ఒక వారపత్రికలో రెండేళ్ళ పాటు వచ్చిన మాయల మంత్రాల నవల. భూమి కింద ఏడు అంతస్తుల రాజ్యం ఉంటుంది. ఒక మంత్రగత్తె పైలోకపు వెలుగునంతా ఒక దీపంలోకి లాగి అట్టడుగున దాచేస్తుంది. అగ్నికేతు అనే రాజుగారి కొడుకు తన గుర్రంతో ఆ దీపం తేవడానికి దిగుతాడు. అంబుజమ్మ ఆ పేజీలు కత్తిరించి దాచి, చివరికి సూదీ దారంతో పుస్తకంగా కుట్టి, రవిక గుడ్డలతో పాటు సెలీన్‌కు ఇచ్చింది. చిన్నప్ప చదివింది అరవ బడిలో. తెలుగు మాట్లాడతాడు గానీ అక్షరం ముక్క రాదు. సెలీన్ నంగలి ఊరి పిల్ల, తెలుగు బడిలో చదువుకున్నది. అందుకని ఆమే చదివి వినిపించేది. రెండో షిఫ్టు పడిన వారాల్లో, మధ్యాహ్నం అన్నాలయ్యాక, అతను బూట్లు బిగించుకుంటూ ఉంటే ఆమె ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుని చదివేది. సైరన్ కూస్తే వాక్యం మధ్యలోనైనా సరే ఆపేసి క్యారియర్ చేతికిచ్చేది.

ఇప్పుడు ఆమె గుర్తుకు మిగిలింది ఏముంది? పెళ్ళి ఫోటోలో బిత్తరచూపులు చూస్తున్న పిల్ల అతని సెలీన్‌లా ఉండదు. కుట్టు మిషను ఇసబెల్లా తీసుకుపోయింది. గొంతు మాత్రం ఈ కథలోనే ఉంది. ఏ చోట గొంతు తగ్గించింది, మంత్రగత్తెలా నవ్వబోయి ఎలా దగ్గింది, అన్నీ అతనికి చెవుల్లో ఉన్నాయి. కథ ఆమె చెప్పినట్టే చివరిదాకా నడిస్తే ఆమె మాట పూర్తిగా ఒకసారి వినొచ్చు. అతనికి కావలసింది అంతే. ఇంకేదీ అక్కరలేదు.

ఆదివారం పదింటికి నంజుండప్ప నడింట్లో చాప మీద కూర్చునేవాడు చిన్నప్ప. సీరియల్ అయ్యాక ముగ్గురూ తీర్పులు చెప్పుకునేవాళ్ళు. మంత్రగత్తె వేషం వేసిన అమ్మాయి కళ్ళు, ఆమె నవ్వు బ్రహ్మాండమని అంబుజమ్మ. ఏడు అంతస్తులకూ ఒకటే అట్ట గోడను రంగు మార్చి తిప్పుతున్నారని నంజుండప్ప. పుస్తకంలో నాలుగు పేజీల పాటు ఉన్న చీకటిని ఒక్క పాటలో తేల్చేశారని అంబుజమ్మకు కోపం. చిన్నప్ప బాధ వేరే. నేల కింద అంత వెలుతురేమిటి, చేతిలో ఒక్కడికీ దీపం లేదేమిటి, నెత్తి మీద రాయి తట్టి చూడకుండా అలా గంతులేసుకుంటూ పోతారేమిటి అని గొణిగేవాడు. రాజకుమారుడికి హెల్మెట్ పెట్టమంటావా ఏంది చిన్నప్పా అని నంజుండప్ప ఏడిపించేవాడు. అయితే గుర్రం నీళ్ళ చప్పుడు విని ఆగిపోయే చోటు మాత్రం పుస్తకంలో కంటే టీవీలోనే బాగుందని చిన్నప్పే ఒప్పుకున్నాడు. అన్యాయంగా మాట్లాడే మనిషి కాడు.

పేచీ మూడో అంతస్తు దగ్గర మొదలైంది. అక్కడ కుంభన్న అనే ముసలి కాపలావాడు అగ్నికేతుకు దారి ఇచ్చి, ఆ తప్పుకు మంత్రగత్తె చేతిలో ప్రాణం పోగొట్టుకుంటాడు. టీవీలో అది చూసి చిన్నప్ప మొహం చిట్లించాడు. పుస్తకంలో కుంభన్నకు ఏమీ కాదు, తాళాలు పారేసి కూతురి ఊరికి వెళ్ళిపోతాడు, వీళ్ళు మార్చేశారు అన్నాడు. అంబుజమ్మ అతని వైపు ఒక క్షణం చూసి, ఏమో అన్నా, చదివి చాలా కాలమైంది అన్నది. తర్వాతి వారాల్లో గుర్రం లోయలో పడింది. దారిలో అగ్నికేతుకు ఎదురైన, జ్వరం వచ్చిన పిల్ల కన్ను మూసింది. ప్రతిసారీ చిన్నప్పది అదే మాట. గుర్రాన్ని తాళ్ళు కట్టి పైకి లాగారు, పిల్లకు ఆకు పసరుతో నయమైంది, ఈ టీవీవాళ్ళకు మనుషుల్ని చంపితే తప్ప కథ నడవదా అని. నువ్వు విన్నదీ ఈవిడ చదివిందీ ఒకటే పుస్తకమా అని నంజుండప్ప నవ్వబోతే అంబుజమ్మ కళ్ళతోనే నోరు మూయించింది. చిన్నప్ప అది చూడలేదు. చూసినా పట్టించుకునే స్థితిలో లేడు.

ఆఖరి ఆదివారం వచ్చింది. ఏడో అంతస్తులో దీపం దొరికింది. మెట్లన్నీ వెనకాల కూలిపోతూ ఉంటే అగ్నికేతు దీపం పట్టుకుని పరిగెత్తాడు. చివరి మెట్టు మీద దీపం పెట్టాడు. నేల మూసుకుంది. లోకమంతా తెల్లవారింది, కుర్రాడు మాత్రం పైకి రాలేదు.

చిన్నప్ప లేచి నిలబడ్డాడు. ఏడాది పాటు ఉలుకూ పలుకూ లేని మనిషికి కోపం వచ్చింది, అదీ మామూలు కోపం కాదు. చూసేవాళ్ళ అభిప్రాయాలు రాసి పంపమని చివర్లో వేశారు కదా, రాయాల్సిందే అని పట్టుబట్టాడు. అంబుజమ్మ కాగితం, పెన్ను తెచ్చుకుని కూర్చుంది. నంజుండప్ప ఏదో లెక్క చూసుకోవాలన్నట్టు ఇంటి ముందరి కొట్టులోకి తప్పుకున్నాడు.

ముందు మంచి రాయించాడు. మంత్రగత్తె నవ్వు, గుర్రం ఆగిన చోటు, దీపం మొదటిసారి కనబడినప్పుడు ఎవరూ మాట్లాడకపోవడం. తర్వాత చెడ్డ. అట్ట గోడలు, అక్కరలేని వెలుతురు, అక్కరలేని పాట. అంబుజమ్మ గబగబా రాసుకుంటూ పోయింది. ఇక అసలు తప్పు రాయమన్నాడు.

“అగ్నికేతు చావలేదని రాయమ్మా. దీపం పైమెట్టు మీద పెట్టి తనూ ఎక్కి వచ్చినాడు. బాయి కాడ కాళ్ళు కడుక్కున్నాడు. వాళ్ళమ్మ రాగి సంగటి పెట్టింది, తిన్నాడు. తిని పండుకున్నాడు. అంతే కథ. సెలీన్ రెండుసార్లు చదివింది దాన్ని. నేను మళ్ళీ చదవమంటే మళ్ళీ చదివింది.”

అంబుజమ్మ పెన్ను కింద పెట్టింది. ఆమె చేతులు ఒళ్ళో ముడుచుకుని కూర్చోవడం చూసి, ఏమైంది, రాయవేం అన్నట్టు చూశాడు చిన్నప్ప. ఆమె లోపలికి వెళ్ళి, సెలీన్ చదివి తిరిగిచ్చిన ఆ కుట్టిన పుస్తకాన్ని ట్రంకు పెట్టెలోంచి తెచ్చింది.

“అన్నా, టీవీవాళ్ళు మార్చలేదు. బుక్కులో గూడా ఆయప్ప పైకి రాలేదు. కుంభన్నా అంతే, గుర్రమూ అంతే. నేను మొదటే చెప్పాల్సింది, నాకు నోరు రాలేదు.”

చిన్నప్ప అబద్ధం అనాలనుకున్నాడు. కానీ అంబుజమ్మ అబద్ధమాడే మనిషి కాదని తెలుసు. మరి ఎవరు అబద్ధమాడినట్టు?

అతనికే తట్టింది. తట్టక ఏం చేస్తుంది! గని పని చేసే ఇళ్ళల్లో ఒక కట్టుబాటు ఉండేది. మగవాడు షిఫ్టుకు బయల్దేరుతుంటే చావు మాట ఎత్తకూడదు. పక్క వీధిలో శవం లేచినా సరే, మనిషి పైకి వచ్చి, స్నానం చేసి, అన్నం తిన్నాక చెప్పాలి. పిల్లలు చీమ చచ్చిందన్నా తల్లులు మూతి మీద కొట్టేవాళ్ళు. సెలీన్ ఈ కట్టుబాటును ఎంత గట్టిగా పట్టుకున్నదంటే, నంగలిలో తండ్రి పోయాడని పొద్దున తంతి వస్తే మడిచి బియ్యం డబ్బాలో పెట్టి, మామూలుగా క్యారియర్ కట్టి, మొగుణ్ణి గుమ్మం దాకా సాగనంపింది. రాత్రి అతను తిని చెయ్యి కడుక్కున్నాక గానీ నోరు విప్పలేదు. అంతసేపూ ఒక్కతే ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

అలాంటి మనిషి, ఇంకో గంటలో నేల కిందికి దిగబోయే మొగుడి ఎదుట కూర్చుని, నేల కింద ఉండిపోయిన కుర్రాడి కథ ఎలా చదువుతుంది? చదవలేదు. పేజీ మీద ఒకటి ఉంటే నోటితో ఇంకొకటి చెప్పింది. తడుముకోలేదు, గొంతు వణకలేదు. మళ్ళీ చదవమంటే పొల్లుపోకుండా మళ్ళీ అదే అబద్ధం చదివింది. రాజుగారి కొడుకు బావి దగ్గర కాళ్ళు కడుక్కుని సంగటి ఎందుకు తిన్నాడో చిన్నప్పకు ఇప్పుడు అర్థమైంది. అది రాజుగారి కొడుకు కాదు. షిఫ్టు దిగి ఇంటికి వచ్చిన తనే.

“చదువమ్మా,” అన్నాడు. “ఉండేది ఉండేట్టు చదువు. ఇంగ నాకు షిఫ్టు లేదు గదా.”

అంబుజమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. చివరి పేజీ చదివింది. అగ్నికేతు దీపాన్ని పైమెట్టు మీద ఉంచాడనీ, అతని చెయ్యి ఒక్కటే వెలుగులోకి వచ్చిందనీ, ఆ తర్వాత నేల మూసుకుందనీ ఉంది. సంగటి లేదు, బావి లేదు, అమ్మ కూడా లేదు. చిన్నప్ప వింటూ తలాడించాడు. వెనక్కి తిప్పి మిగతావాళ్ళు కూడా ఎవరెవరో చెప్పమన్నాడు. ఆమె ఒక్కో పేజీ తిప్పుతూ చెప్పింది. కుంభన్న. గుర్రం. జ్వరం వచ్చిన పిల్ల. నాలుగో అంతస్తులో పడవ నడిపేవాడు, వాడి తమ్ముడు. పడవవాళ్ళు బంగారుపేటకు పోయి రైల్వేలో చేరినారని సెలీన్ చెప్పింది, ఆ కాలంలో రైలు యాడుండాదని నేనూ అడగలేదు అన్నాడు చిన్నప్ప. అంబుజమ్మకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

“ఇంగెవరన్నా ఉండారా?” అని అడిగాడు.

“లేరన్నా. అంతే.”

“ఉండారమ్మా. ఇంగొకరుండారు.” పుస్తకం మీద చెయ్యి పెట్టాడు. “సెలీన్ చచ్చిపోయింది.”

ఆ మాట అతని నోట రావడం అదే మొదటిసారి. అన్న తర్వాత తను అన్నది తనే విన్నట్టు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. అప్పుడు తెలిసింది అతనికి, ఆమె లేదని. బజారుకు పోలేదు, ఇసబెల్లా ఇంటికి పోలేదు, పక్క గదిలో రవిక కుడుతూ లేదు. మళ్ళీ చదవమంటే చదవదు. చాప మీద ముందుకు వంగిపోయి, రెండు చేతులూ నేలకు ఆనించి, సెలీనూ, సెలీనూ అంటూ గొంతు చించుకుని ఏడ్చాడు. అంబుజమ్మ ఓదార్చలేదు, ఊరుకోమని అనలేదు. ఆ కేకలు విని నంజుండప్ప కొట్టు సగం మూసి పరిగెత్తుకొచ్చాడు, వెనకాలే కొట్టులో ఉన్నవాళ్ళూ వచ్చారు. ఏమైంది, ఎవరికి ఏమైందని వాళ్ళు కంగారుగా అడిగారు. ఆయన భార్య పోయిందని అంబుజమ్మ చెప్పింది.