గేటు మీటింగులో లేచిన చేతులు

బడి వదిలే వేళకు పంతులమ్మ తల్లులందర్నీ ఆపింది. జూన్ నుంచి కాలనీ బడి ఉండదని, పిల్లల్ని మెయిన్ రోడ్డు అవతలి బడిలో కలుపుతారని చెప్పింది.

"మేమెవలం ఒప్పుకోలే గద మేడం?" అన్నాను.

"మీ ఇంటోళ్లే ఒప్పుకున్నరమ్మా. గని మీద కార్మికులందరు ఏకగ్రీవంగ తీర్మానం చేసిన్రట. దాన్ని చూసే కార్పొరేషన్ కౌన్సిల్‌ల ఓట్లేసిన్రు."

చంకలో చిన్నోడు ఏడుస్తున్నాడు. కూతురు లాస్య నా కొంగు పట్టుకుని గుంజుతోంది. రోడ్డు మీద కుక్కపిల్ల కనిపిస్తే చాలు, చెయ్యి విడిపించుకుని ఉరికే పిల్ల అది. మెయిన్ రోడ్డంటే బొగ్గు లారీలు ఒకదాని తోక పట్టుకుని ఒకటి పోయే రోడ్డు. ఆ దుమ్ములో ఎదురుగా ఏమొస్తుందో పెద్దవాళ్లకే కనపడదు.

నా చదువు ఏడో తరగతితో ఆగింది. పై తరగతుల బడి వాగు అవతల ఉండేది. ఆడపిల్ల ఒక్కతే ఎట్లా దాటుతుందని మా నాయన మాన్పించాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు, భయపడ్డాడంతే. ఇప్పుడు అదే భయం నాకూ పట్టుకుంది. నేనూ లాస్యను మాన్పిస్తానేమోనని ఇంకా ఎక్కువ భయమేసింది.

పక్క క్వార్టర్ సారవ్వను వెంటబెట్టుకుని యూనియన్ ఆఫీసుకు పోయాను. ఆమె పెనిమిటి మా ఆయన చేసే గనిలోనే పనిచేసి రిటైరయ్యాడు. ఎవరికీ జంకదు. యూనియన్ లీడరు భూపాలే మా వార్డు కార్పొరేటరు కూడా. నవ్వుతూ కుర్చీలు వేయించాడు.

"చెల్లె, బడి కోసం నేనెంత కొట్లాడిన్నో చూడు" అని ఫోన్‌లో వీడియో పెట్టాడు. కౌన్సిల్ మీటింగులో బల్ల గుద్ది మాట్లాడుతున్నాడు. పేదపిల్లలు, సర్కారు బడి, రాజ్యాంగం అంటున్నాడు. నిజంగానే బాగా మాట్లాడాడు. వింటుంటే నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మరి ఓటెటు వేసినవన్నా?"

ఫోను జేబులో పెట్టుకున్నాడు. "మాట్లాడింది నా మనసు చెల్లె. ఓటు మీ మాట. బడి కలుపుమని కార్మికులే తీర్మానం చేసినంక, నేను దానికి ఎదురు ఓటేస్తనా?"

"వాళ్లెప్పుడు చేసిన్రు?"

"మొన్నటి గేటు మీటింగుల. అందరు చేతులెత్తిన్రు. మీ వీరేందర్ గూడ ఎత్తిండు. ముందటి వరుసల్నే ఉన్నడు, కావాల్నంటె అడుగు."

సారవ్వ చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "కొడుకా భూపాలూ, ఆ మీటింగుకు షామియానా ఎవలేసిన్రు? మజ్జిగ ఎవలు పోసిన్రు? గేటు ముందట జెండా గద్దె ఎవలు కట్టిచ్చిన్రు? కొత్తగ ప్రైవేటు బడి పెట్టినాయనే గద."

"అవ్వా, ఆయన చందా యూనియన్‌కిచ్చిండు. నాకు గాదు."

"యూనియన్ నోరు నీదే గద బిడ్డా."

భూపాల్ నవ్వాడు. కోపం రాలేదు. ఇట్లాంటి మాటలు రోజూ వినేవాడిలా ఉన్నాడు. "ఫికర్ చేయకు చెల్లె. ఆ బడి వ్యాను మీ ఇంటి ముందటికే వస్తది" అన్నాడు.

"ఫీజు గూడ ఇంటి ముందటికే వస్తదా అన్నా?" అని లేచి వచ్చేశాను.

గేటు మీటింగంటే తెలియనిది కాదు. షిఫ్టు దిగినవాళ్లను గని గేటు దగ్గర నిలబెట్టి లీడర్లు మాట్లాడతారు. ఇళ్లకు తెచ్చే బస్సు పక్కనే ఉంటుంది. మీటింగు అయ్యేదాకా అది కదలదు. చివర్లో తీర్మానాలన్నీ కట్టగట్టి ఒక్క ఊపులో చదువుతారు.

వీరేందర్ డ్యూటీ దిగి వచ్చాక అన్నం పెట్టి అడిగాను.

"బూట్ల గురించి చదివిండు. క్యాంటీన్ల చాయ గురించి చదివిండు. బడి అని గూడ అన్నడేమో... యాదికి లేదు జమునా."

"యాదికి లేనిదానికి చెయ్యెందుకు ఎత్తినవ్?"

"చెయ్యెత్తితె బస్సు కదులుతది. పొద్దంత కింద చేసి వచ్చినోనికి కాళ్లు నిలవడయి. అందరం గంతే."

"బస్సు కదిలింది. బడి గూడ కదిలింది."

అతను కలిపిన ముద్ద అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు. ఇంకో మాట అనాలనుకున్నాను. కళ్ల చుట్టూ కడిగినా పోని బొగ్గు మసి చూసి ఊరుకున్నాను. అరిచే ఓపిక నాకూ లేదు.

తర్వాతి గేటు మీటింగుకు పిల్లలిద్దర్నీ తీసుకుని పోయాను. సారవ్వ వచ్చింది, ఇంకో ఇద్దరు తల్లులు వచ్చారు. నన్ను మాట్లాడనివ్వరనుకున్నాను. భూపాల్ తానే మైకు చేతికిచ్చాడు. "మన చెల్లె రెండు ముక్కలు చెప్తది, వినున్రి" అన్నాడు.

చిన్నోణ్ణి సారవ్వకు ఇచ్చి మైకు అందుకున్నాను. "అన్నలారా, మన కాలనీ బడి తీసేయొద్దని, మొన్నటి తీర్మానం తప్పని, మల్ల కౌన్సిల్‌కు..." అంటున్నానో లేదో, చేతులన్నీ లేచాయి. ఒక్కసారిగా, మాట పూర్తి కాకుండానే. వెనకవాళ్లు అప్పుడే బస్సు వైపు తిరిగారు.

"ఏకగ్రీవం!" అన్నాడు భూపాల్. డ్రైవరు బండి స్టార్ట్ చేశాడు.

గెలిచాననిపించింది. ఇంత సులువా అనుకున్నాను. అప్పుడు చూశాను. ముందు వరసలో వీరేందర్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పక్కన రఘుపతి కాక మోచేత్తో పొడిచాడు. "ఏందిర, పెండ్లాం అడుగుతుంటె చెయ్యెత్తవ్? రాత్రికి బువ్వ పెట్టది రా!" అందరూ నవ్వారు.

"ఆమె ఏం అడిగిందో చెప్పు కాకా."

"బడి గురించి."

"బడి ఉండుమన్నదా, పొమ్మన్నదా?"

రఘుపతి కాక తల గోక్కున్నాడు. నవ్వు ఆగింది.

"మొన్న నేను గూడ గిట్లనే ఎత్తిన. మల్ల చెప్పు జమునా, మెల్లగ. సమజైనోళ్లే ఎత్తుతరు."

మళ్లీ చెప్పాను. రోడ్డు గురించి, లారీల గురించి, వాగు దాటలేక ఆగిపోయిన నా చదువు గురించి కూడా. ఈసారి విన్నారు. విన్నాక నోళ్లు తెరిచారు.

"నా మనుమడు ప్రైవేటుకే పోతడు" అన్నాడు రఘుపతి కాక. "ఇంగ్లీషుల మాట్లాడుతడు. ఐదు క్లాసులకు ఇద్దరు పంతుళ్లున్న బడిని పట్టుకొని ఏం జేస్తవ్ బిడ్డా? నీ మంచికే చెప్తున్న."

"కట్టలేనోళ్ల పిల్లలు యాడికి పోవాలె కాకా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"మూడో పంతుల్ని అడుగున్రి మరి, బడిని మూసుడెందుకు?" అని ఇంకొకరు.

మా బడిలో పంతుళ్లు నిజంగానే ఇద్దరే. బస్సు హారన్ కొడుతూనే ఉంది. కొందరు ఎక్కేశారు. భూపాల్ మళ్లీ చేతులెత్తమన్నాడు.

ఈసారి లేచినవి తక్కువ. వీరేందర్ చెయ్యి ఉంది. నేను ఎన్నడూ మాట్లాడని మనుషుల చేతులు కొన్ని ఉన్నాయి. బడి అక్కర్లేదన్నవాళ్లను ఎత్తమంటే ఎక్కువ లేచాయి. లెక్కపెట్టే అవసరం కూడా రాలేదు.

"ఏం జేస్త చెల్లె" అన్నాడు భూపాల్, నిజంగానే బాధపడుతున్నట్టు. మైకు తీసుకున్నాడు.

బస్సు పోయింది. సారవ్వ చిన్నోణ్ణి ఎత్తుకుని, మిగతా తల్లులతో ముందు నడిచింది. వీరేందర్ బస్సెక్కకుండా నాతో వెనక నడిచాడు. అతని భుజం మీద లాస్య నిద్రపోయింది. వాళ్ల నాన్న చొక్కా మసి దాని చెంపకు అంటింది.

"నువ్వు ఊకుంటె అయిపోతుండె. తీర్మానం కాయిదం చేతికి వస్తుండె" అన్నాను చివరికి.

"వచ్చి? గాయన ఇంకో షామియానా ఏస్తె రేపు గా కాయిదానికి ఎదురు మల్ల చేతులెత్తుతరు."

అది నిజమే. నిజమైనా కోపం పోలేదు. కోపంతోనే అతని చేతిలోని టిఫిన్ డబ్బా తీసుకుని నేను పట్టుకున్నాను.

"సెకండ్ షిఫ్టు వారం పొద్దుగాల నేను రోడ్డు దాటిస్త. ఫస్ట్ షిఫ్టు వారం సాయంత్రం నేను తోల్కొస్త" అన్నాడు.

"నైట్ షిఫ్టు వారం?"

లాస్యను రెండో భుజం మీదికి మార్చుకున్నాడు. "డ్యూటీ దిగి అటే వస్త. కళ్లు మూతపడకుంటె."

కళ్లు మూతపడతాయని ఇద్దరికీ తెలుసు. నిద్రకళ్లతో పిల్లను పట్టుకుని ఆ రోడ్డు దాటే మనిషిని తలచుకున్నాను. "వద్దు. నువ్వు పండుకో, ఆ వారాలు నేను చూసుకుంట" అన్నాను. చిన్నోణ్ణి ఎవరికి అప్పగించి పోవాలా అని అప్పుడే మనసులో లెక్క మొదలైంది.