మోకాలి దాకానే అడిగిన ప్రశ్న

ఆ ఫిజియోథెరపీ క్లినిక్కులో అందరూ ఆమెను చిన్నమేడమ్ అనేవారు. పెద్దమేడమ్ అంటే క్లినిక్కు పెట్టినావిడ, ఈమెకు పని నేర్పినావిడ. ఆ వారం పెద్దమేడమ్ చెల్లెలి కాన్పుకని ఊరెళ్ళింది. దాంతో మూడు గదులూ, నాలుగు మంచాలూ, పొద్దుటి నుంచీ తోసుకొచ్చే జనమూ చిన్నమేడమ్ నెత్తిన పడ్డాయి.

పదకొండింటికి కత్తెర మావయ్య కుంటుకుంటూ వచ్చాడు. వీధి చివర సెలూన్ ఆయనది. ముప్పయ్యేళ్ళు నిలబడే పనిచేసి కుడి మోకాలు అరగదీసుకున్నాడు. వీధి వీధంతా ఆయన్ని మావయ్యా అనే పిలుస్తుంది. క్షణం నోరు మూయడు.

"ఇవాళ నీ హీట్ మిషన్ పెట్టాల్సిందేనమ్మా. వ్యాయామాలు చేసీ చేసీ కాలు నామీద అలిగింది."

చిన్నమేడమ్ నవ్వి చెక్కమంచం చూపించింది. ఆ యంత్రం పైపైన కాకుండా కండ లోపల, కీలు లోపల వేడి పుట్టిస్తుంది. దాని దగ్గర ఇనుప మంచం కూడా పనికిరాదు. తాళాలు, బెల్టు, ఫోను తీయించి దూరంగా బల్లమీద పెట్టించింది. చర్మానికి స్పర్శ ఉందో లేదో చూడటానికి కళ్ళు మూసుకోమని, వేడినీళ్ళ గాజుగొట్టం ఒకసారి, చన్నీళ్ళది ఒకసారి మోకాలికి ఆనించింది.

"ఇది వేడి. ఇది చల్లన. మళ్ళీ చల్లనే, నన్ను ఆటపట్టిస్తున్నావు కదూ?"

అన్నీ సరిగ్గానే చెప్పాడు. కాలు పొడిగా తుడిచి, తువ్వాలు మడతపెట్టి చుట్టింది. తరవాత చీటీ తీసుకుంది. అందులో అడగాల్సినవి తొమ్మిది ప్రశ్నలున్నాయి.

"మోకాల్లో ఎప్పుడైనా రాడ్లూ స్క్రూలూ వేశారా మావయ్యా?"

"నొప్పి తప్ప ఇంకేమీ లేదు తల్లీ నా మోకాల్లో."

అప్పుడే బయట ఫోను మోగింది. పక్క తెర వెనక నుంచి భుజం నొప్పితో వచ్చిన టీచరమ్మ, "నా వంతు వచ్చేసరికి బడి వదిలేస్తారేమో" అని విసుక్కుంది. చిన్నమేడమ్ చెయ్యి అలవాటుగా పైనుంచి కిందికి తొమ్మిది టిక్కులూ పెట్టేసింది.

మోకాలికి అటూ ఇటూ పలకలు అమర్చి, వాటి తీగలు ఒకదానికొకటి తగలకుండా సర్ది, మీట కొద్దికొద్దిగా తిప్పింది.

"గోరువెచ్చగా ఉండాలి, అంతే. చురుక్కుమంటే ఓర్చుకోకుండా వెంటనే చెప్పు."

"నేను చెప్పకుండా ఊరుకున్నదెప్పుడు?" అన్నాడాయన.

ఆమె తెర ఇవతలికి వచ్చి టీచరమ్మ చెయ్యి పట్టుకుని మెల్లిగా పైకి లేపసాగింది. తెర అవతల మావయ్య కబుర్లు సాగుతూనే ఉన్నాయి. ఎవరో కుర్చీలోనే నిద్రపోయాడట, గురక పెడుతుంటే మీసం కత్తిరించాల్సి వచ్చిందట.

"ఎడమ పక్క అయిపోయింది. కుడి పక్కకొచ్చేసరికి వాడు ఒక్కసారిగా..."

అంతే. ఆ తరవాత యంత్రం చప్పుడు తప్ప మరేమీ వినబడలేదు.

చిన్నమేడమ్ తెర వైపు తిరిగింది. "ఒక్కసారిగా ఏం చేశాడు మావయ్యా?"

జవాబు లేదు. తెర లాగింది. ఆయన ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. పెదాలు కదులుతున్నాయి గానీ మాట పెగలడం లేదు. నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా పట్టింది.

యంత్రం కట్టేసి, గోడ స్విచ్ కూడా ఆపి, పలకలు పక్కకి లాగేసింది. తువ్వాలు తీసి చూస్తే మోకాలు బాగానే ఉంది. ఎర్రదనం లేదు, కాలిన గుర్తు లేదు. మరెందుకిలా అయింది? మణికట్టు పట్టుకుంది. నాడి ఒకసారి తగిలింది. తరవాతిది రాదేమోననిపించేంతసేపు ఆగి, మళ్ళీ తగిలింది.

ఊపిరాడాలని చొక్కా గుండీలు విప్పింది. ఎడమ వైపు, మెడ కింది ఎముకకి దిగువన సన్నటి కోత మచ్చ కనిపించింది. దాని కింద, చర్మం లోపల, చేతిగడియారం డయలంత గట్టి ఉబ్బు ఉంది.

గుండెకు బ్యాటరీ, పేస్‌మేకర్.

అలాంటివాళ్ళను ఆ యంత్రం దరిదాపుల్లోకి రానివ్వకూడదు. చీటీలో మొట్టమొదటి ప్రశ్న అదే. మోకాలే కదా అనుకుని ఆమె మోకాలి సంగతే అడిగింది.

"టీచరమ్మా, అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి! గుండె కేసని చెప్పండి!"

ఆయన్ని పక్క గదిలోకి మార్చే ధైర్యం లేక అక్కడే ఉంచి, వేళ్ళు నాడి మీద నుంచి తీయకుండా లెక్కపెడుతూ కూర్చుంది. ఉండగా ఉండగా నాడి ఒక దారికి వచ్చింది. మావయ్య కళ్ళు సగం తెరిచి, "కళ్ళు తిరిగాయమ్మా" అన్నాడు పిల్లాడిలా.

అంబులెన్సులో ఆమే వెంట వెళ్ళింది. ఆసుపత్రిలో ఆయన్ని లోపలికి తీసుకుపోయాక, కబురందుకుని వచ్చిన ఆయన భార్య పక్కన నడవాలో బెంచీ మీద కూర్చుంది.

"మోకాలికే కదమ్మా పెట్టావు? మరి గుండెకేమైంది?" అంది ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

ఎండకొచ్చి నీరసపడ్డాడని చెబితే ఆవిడ నమ్మేస్తుంది. చీటీలో తొమ్మిది టిక్కులున్నాయి, ఎవరూ వేలెత్తి చూపలేరు. ఉద్యోగం పోతుంది, పోలీసులొస్తారు, ఈ వీధిలో ఇక తలెత్తుకు తిరగడం కుదరదు. అన్నీ ఒక్కసారే కళ్ళముందు తిరిగాయి.

"అత్తా, తప్పు నాది. బ్యాటరీ ఉన్నవాళ్ళకి ఆ యంత్రం పెట్టకూడదు. ఉందా అని నేను అడగలేదు. అడిగినట్టు రాసుకున్నాను."

ఆవిడ బెంచీ మీద కాస్త దూరం జరిగి, "ఆయన పోయుంటే?" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది చిన్నమేడమ్‌కి.

రెండు గంటల తరవాత డాక్టరు బయటికొచ్చాడు. యంత్రం తరంగాలకి బ్యాటరీ తికమకపడి, అందులో పెట్టిన లెక్కలన్నీ తప్పాయట. సరిచేశామన్నాడు. గుండె కండకి దెబ్బ తగిలినట్టు లేదు, అయినా రెండు రోజులు ఉంచి చూడాలన్నాడు.

"ఇంకో పది నిమిషాలు ఆపకుండా ఉంచి ఉంటే?" అని అడిగింది చిన్నమేడమ్.

డాక్టరు ఆమె వంక చూసి, "ఆ మాట ఇప్పుడెందుకు?" అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం లోపలికి రానిచ్చారు. మావయ్య దిండుకి ఆనుకుని ఉన్నాడు.

"నాకెందుకు చెప్పలేదు మావయ్యా?"

"గుండెకు బ్యాటరీ ఉన్నవాడి చేతిలో కత్తి చూస్తే ఎవడమ్మా మెడ అప్పగించేది? వీధిలో ఒక్కరికీ తెలీదు." కాసేపు పైకప్పు చూశాడు. "నువ్వడిగితే చెప్పేవాణ్ణో లేదో నాకే తెలీదు. కానీ నువ్వడగలేదు తల్లీ."

ఆ మాటలో కోపం లేదు. అయినా ఆమె గుండెల్లో అది గుచ్చుకుపోయింది.

పెద్దమేడమ్ మర్నాడే తిరిగొచ్చింది. చీటీ చూసి, జరిగింది జరిగినట్టు రాయించి, తన సంతకం కూడా పెట్టింది. యంత్రానికి దుప్పటి కప్పింది. నెల రోజులు చిన్నమేడమ్‌ని దాని జోలికి రానివ్వలేదు. ఆ నెలంతా యంత్రంలా గుర్రుమనే ఫ్రిజ్ చప్పుడు విన్నా ఆమె ఉలిక్కిపడేది.

దుప్పటి తీసిన రోజు నడుం నొప్పితో ఒక కుట్టుపని ఆవిడ వచ్చింది. చిన్నమేడమ్ ఒక్కో ప్రశ్నా అడిగి, జవాబు విని, అప్పుడే రాసుకుంది.

"నడుం నొప్పికి గుండె సంగతీ గర్భం సంగతీ ఎందుకమ్మా? పెళ్ళిచూపులా?"

"లోపల ఏమీ అమర్చలేదు కదా? బ్యాటరీ, లూపు, చెవి మిషన్, ఏదీ లేదా? ఇక్కడ మనిద్దరమే ఉన్నాం, ఎవరికీ చెప్పను."

"లేదు తల్లీ, ఒట్టు."

మీట కొద్దికొద్దిగా తిప్పింది. పక్క తెర అవతల నుంచి ఎవరో పిలుస్తున్నారు. ఆమె కదల్లేదు. స్టూలు దూరంగా వేసుకుని ఆవిడ ముఖం మీద నుంచి చూపు తిప్పకుండా కూర్చుంది.

"హాయిగా, వెచ్చగా ఉంది" అంది ఆవిడ. "మరి నీకెందుకే అమ్మాయ్ ఇన్ని చెమటలు?"