పచ్చి అన్న మాట కింద గీత

నేను ఒక నవలను. వెల తక్కువ కాగితం, రెండు పిన్నులు, అట్ట మీద రెండు జడల పిల్లలిద్దరు. ఒక ఆడపిల్లల గురుకుల పాఠశాల బీరువాలో నాది మూడో అర. నాలో ఉన్నదీ హాస్టలు కథే. ప్రాణంగా మెలిగిన ఇద్దరు స్నేహితురాళ్ళు అసూయతో విడిపోతారు. మళ్ళీ కలుస్తారా లేదా అన్నది చివరి పేజీలో తేలుతుంది.

ఎనిమిదో తరగతి హైమావతి, భూలక్ష్మి నన్ను వంతులు వేసుకుని చదివేవారు. ఒకరోజు ఒకరు, నచ్చిన మాట కింద పెన్సిలుతో గీత గీసి రెండోవారికి ఇవ్వాలి. కాలు తగిలితే చాలు, నన్ను కళ్ళకద్దుకునేవారు. ఎంత భక్తో!

అంతలో సునీల అనే కొత్త పిల్ల చేరింది. భూలక్ష్మి ఆ పిల్ల పక్కన భోజనానికి కూర్చున్న రోజు నుంచి హైమ చేతిలో నా పేజీలు విసురుగా తిరిగాయి. ఒక సాయంత్రం కొత్త గీత కనిపించింది. ఒక్క మాట కిందే: "పచ్చి".

హాస్టల్లో పచ్చి అంటే ఇక నీతో మాట్లాడను అని. మళ్ళీ కలిస్తే జట్టు.

హైమ కళ్ళు నిండిపోయాయి. చర్రున నా చివరి పేజీ చించేసింది. నన్ను కళ్ళకద్దుకున్న చేతులే! భక్తికీ కోపానికీ మధ్య ఇంతేనా దూరం అని నాకిప్పటికీ సందేహం.

మర్నాడు తన వంతు రాగానే భూలక్ష్మి నన్ను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"చివరి పేజీ ఏదే?"

"మీ సునీలనడుగు పో! నాతో పచ్చి అన్నావుగా?"

"ఎప్పుడన్నానే?"

హైమ గీత చూపించింది. భూలక్ష్మి నెత్తి కొట్టుకుంది.

"ఆ పక్క మాట కూడా చదవవే మొద్దూ! పచ్చి మామిడికాయ! సగంలో పెన్సిలు మొన విరిగిపోయింది. సునీల వాళ్ళ నాన్న కాయలు తెచ్చాడు, నీ ముక్క దాచానని చెబుదామనీ..."

జేబురుమాలు విప్పింది. ఉప్పూకారంలో వడిలిపోయిన ముక్క.

హైమ తలొంచుకుని ట్రంకుపెట్టె తెరిచి, మడతపెట్టిన పేజీ తీసింది.

"అయితే ముగింపు చదివేశావన్నమాట!"

"నువ్వు లేకుండా ఎలా చదువుతానే?"

మెస్సు నుంచి అన్నం మెతుకులు తెచ్చి పేజీ అంటించారు. ఒకే గొంతుతో చదివారు. నన్ను రాసినాయన ఆ ఇద్దరినీ కలపలేదు. రైల్వే స్టేషన్లో చెరో బండీ ఎక్కించేశారు.

"ఛీ, ఇదేం ముగింపే!" అంటూ భూలక్ష్మి పెన్సిలు చెక్కి ఇచ్చింది. 'సమాప్తం' కింద హైమ రాసింది: "జట్టు".

ఏటా సెలవుల ముందు తెలుగు టీచరు అనసూయమ్మగారు నాలోని పెన్సిలు రాతలన్నీ చెరిపేస్తారు. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం ఆవిడ రబ్బరు ఆగిపోతుంది. అది మాసినప్పుడల్లా ఎవరో ఒక పిల్ల దాని మీదే మళ్ళీ దిద్దుతుంది. దిద్దీ దిద్దీ అక్కడ నా కాగితం గుంటపడింది.