తడి ఇసుకలో ఇన్సులిన్

ఆదివారం సాయంత్రం వచ్చిన గాలివాన ఎంతోసేపు లేదు గానీ, మార్టూరు చుట్టుపక్కల కరెంటు స్తంభాలను చొప్పకట్టల్లా పడగొట్టి పోయింది. తెల్లారేసరికి మబ్బు జాడే లేదు. మళ్ళీ అదే రోహిణీ ఎండ, అదే వడగాలి.

ఫ్యాను తిరగడం లేదని కరుణాకర్‌కు దిగులు లేదు. గ్రానైట్ పాలిష్ పట్టే షెడ్డులో, రేకుల కింద ఏళ్ళతరబడి ఉడికిన మనిషి. అతని దిగులంతా చప్పుడు చెయ్యని ఫ్రిజ్ గురించి. దాని పై అరలో కూతురు మహిమ ఇన్సులిన్ సీసాలున్నాయి. ఏడో తరగతి పిల్ల. మూడేళ్ళ కిందట షుగరు బయటపడినప్పటి నుంచి పూటపూటా సూది పడాల్సిందే. ఫ్రిజ్ తలుపు తీసి చెయ్యి పెట్టి చూశాడు. లోపల గోరువెచ్చగా ఉంది.

బండి తీసుకుని మార్టూరు పోయాడు. మెడికల్ షాపతను నుదురు తుడుచుకుంటూ, "మా ఫ్రిజ్జూ చచ్చింది బాబూ. కొత్త స్టాకు గుంటూరు నుంచి రావాల. దారంతా చెట్లు పడ్డాయంట" అన్నాడు.

తిరిగొస్తుంటే చేపలమ్మే ఇమ్మానియేలు ఎదురయ్యాడు. బండి వెనక పెట్టెలో ఐసుంది. సంగతి వినగానే, "పాపకా? ఇదిగో అన్నా, తీసుకో" అని పెద్ద గడ్డ గోనెసంచిలో చుట్టి ఇచ్చాడు.

కరుణాకర్ యుద్ధం గెలిచినవాడిలా ఇంట్లో అడుగుపెట్టాడు. గిన్నెలో ఐసు వేసి, సీసాలు అందులో గుచ్చబోతుంటే భార్య జయకుమారి పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. ఆమె హైస్కూల్లో సైన్సు చెబుతుంది.

"అందులో పెట్టమాకండి! మందు గడ్డకట్టిందంటే ఇక పనికిరాదు."

"ఎండకి పాడవుద్దంటావు, ఐసులో పెట్టొద్దంటావు. మరి గుండెల మీద పెట్టుకోనా?"

జయకుమారి గుంటూరు డాక్టరుగారికి ఫోను చేసి స్పీకరు పెట్టింది.

"మేడమ్ చెప్పింది నిజమేనండీ" అన్నాడాయన. "ఐసు తగలకూడదు, ఎండా తగలకూడదు. ముప్పై డిగ్రీలు దాటకుండా చూసుకుంటే కొన్నాళ్ళు ఢోకా లేదు. పాప షుగరు మాత్రం చూస్తూ ఉండండి."

బయట నలభై మూడు. ఇంట్లో అంతకు కాస్త తక్కువ. ముప్పై ఎక్కడ దొరుకుతుంది?

"కుండలు కావాలండీ" అంది జయకుమారి. "ఒకటి పెద్దది, దాంట్లో పట్టే చిన్నదొకటి."

పక్కింటి ఖాదర్‌బీ దగ్గర రెండూ ఉన్నాయి. మంచినీళ్ళ కుండను చెట్టు మొదట్లో ఒంపేసి మరీ ఇచ్చింది. "పిల్లకన్నా ఎక్కువా అబ్బాయ్? మేం బిందెలో నీళ్ళు తాగుతాంలే" అంది.

పెద్ద కుండలో చిన్న కుండ దించి, మధ్య సందంతా ఇసుక కూరి, ఇసుక నిండా నీళ్ళు పోసింది జయకుమారి. సీసాలను ప్లాస్టిక్ కవర్లో మూటగట్టి లోపల పెట్టి, పైన తడి గోనెపట్టా కప్పింది. అంతటితో ఆగక, దాన్ని తీసుకెళ్ళి వసారాలో వడగాలి కొట్టే మూలన, నీడలో పెట్టమంది.

"వడగాలికి ఎదురుగానా? నీకేమన్నా పిచ్చా?"

"ఆ గాలే కావాలండీ. నీళ్ళు ఊరికే ఆవిరైపోవు. ఆవిరవ్వాలంటే వాటికి బోలెడు వేడి కావాలి. ఆ వేడి ఇసుకలోంచీ కుండలోంచీ లాక్కుని పోతాయి. గాలి ఎంత పొడిగా ఉంటే అంత జోరు."

"ఏం ఆకలే నీళ్ళకి!"

"ఆ ఆకలే లేకపోతే ఆ రేకుల షెడ్డులో మీరు ఒక్క పూట బతకరు. మీ ఒంటి మీద చెమట చేసేదీ ఆ పనే. ఎండలో చెట్టు ఆకులు మాడకుండా నిలబడేదీ అందుకే."

కరుణాకర్ తన చేతుల వంక చూసుకున్నాడు. మోచేతుల మీద చెమట మెరుస్తోంది. ఇన్నాళ్ళూ దాన్ని తిట్టుకుంటూ తుడుచుకోవడమే గానీ, అది తనను కాపాడుతోందని ఎన్నడూ అనుకోలేదు.

మధ్యాహ్నం దాటాక జయకుమారి సైన్సు ల్యాబు థర్మామీటరు పెట్టి చూసింది. ఇరవై ఎనిమిది. కరుణాకర్ నమ్మలేక కుండలో చెయ్యి పెట్టాడు. బావిలో చెయ్యి పెట్టినట్టుంది. తల పైకెత్తి భార్యను చూసి నవ్వాడు. గాలివాన వచ్చాక అతను నవ్వడం అదే మొదలు.

చిక్కల్లా ఒక్కటే, ఆ గాలికి ఇసుక ఇట్టే ఆరిపోతోంది. కరుణాకర్ ప్లాస్టిక్ నీళ్ళ సీసా ఒకటి తెచ్చి మూతకూ అడుగుకూ సన్నటి చిల్లులు పొడిచి, నీళ్ళు నింపి, వాసానికి తలకిందులుగా వేలాడదీశాడు. చుక్క వెంట చుక్క ఇసుక మీద పడసాగింది. "రాయి కోసేటప్పుడు బ్లేడు మీద ఇట్టాగే పడతా ఉండాల. నీళ్ళు ఆగినయ్యా, బ్లేడు మాడిపోద్ది" అన్నాడు.

"ఈ ఆలోచన నాకు రాలేదు సుమా" అంది జయకుమారి. ఆ మాటకు అతని ముఖం మతాబాలా వెలిగింది.

కరెంటు లేనన్నాళ్ళూ ఆ కుండే ఫ్రిజ్. పూటపూటా పరీక్ష చేస్తే మహిమ షుగరు ఎప్పటిలాగే అదుపులో ఉంది. బుధవారం సాయంత్రం వీధంతా ఒక్క కేక పెట్టింది, కరెంటొచ్చింది. కరుణాకర్ సీసాలన్నీ జాగ్రత్తగా తీసి ఫ్రిజ్ వైపు నడిచాడు.

"నాన్నా, ఇప్పుడు వాడేదాన్ని కుండలోనే ఉంచవా?" అంది మహిమ.

"ఎందుకమ్మా?"

"ఫ్రిజ్‌లోది చల్లగా లోపలికి పోతుంటే చురుక్కుమనేది. కుండలోది అసలు నొప్పే లేదు."

మూడేళ్ళుగా పిల్ల ఆ మాట ఎవరికీ చెప్పలేదు. జయకుమారి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కరుణాకర్ ఒక సీసాను వెనక్కి తీసుకెళ్ళి కుండలో పెట్టి, చెంబుతో నీళ్ళు తెచ్చి ఇసుక తడిపాడు.

మర్నాడు ఖాదర్‌బీకి రెండు కొత్త కుండలు కొనిచ్చాడు.