దిగిరాని నీడ

గ్లెనిస్ పొద్దున్నే లేచి చేసే మొదటి పని, మంచం పక్కన పెట్టుకున్న బేసిన్‌లోని నీళ్లు పారబోయడం. ఓమరూ ఊళ్లో వాన పడితే ఆమె కాపురముండే మోటర్‌హోమ్‌లోనూ పడుతుంది. ఇల్లు అమ్మేసి, భర్త నెవిల్‌తో పదకొండేళ్లు ఆ బండిలోనే దేశమంతా తిరిగింది. కిందటేడు నెవిల్ పోయాక కొడుకు హేమిష్ దాన్ని తోలుకొచ్చి తన పెరట్లో పెట్టాడు. అప్పట్నుంచీ అది కదల్లేదు, ఆమె దిగలేదు.

"ఇంకెన్నాళ్లమ్మా ఈ తడిలో? సోమవారం వెళ్లి ఆ పెద్దవాళ్ల కాలనీలో గది తీసుకుందాం," అన్నాడు హేమిష్. కారడం ఆగితే సరే, ఆగకపోతే వచ్చి సంతకం పెడతానని ఆమె మాటిచ్చేసింది. వెంటనే తిమారూలో ఉన్న మరిది క్లైవ్‌కి ఫోన్ చేసింది.

క్లైవ్ శుక్రవారం పొద్దున పనిముట్ల పెట్టెతో, నీడతో దిగాడు. పాల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. చెయ్యి దూరని చోట అతని నీడ దూరుతుంది. ఆ ఇంట్లో అందరికీ అది అలవాటే. హేమిష్ భార్య అయితే, నీడ బయటికొచ్చాక కాళ్లు తుడుచుకుంటుందని మెట్టు దగ్గర పాత తువ్వాలొకటి పరిచింది.

నిచ్చెనెక్కి పైకప్పు చూసి క్లైవ్ తల పట్టుకున్నాడు.

"మా అన్నయ్య చేతికి సిలికాన్ జిగురు ట్యూబు అమ్మినవాణ్ణి అనాలి వదినా. కారిన చోటల్లా ఇదే పులిమాడు. లోపలికెళ్లిన నీళ్లకి బయటికి దారి లేకుండా చేశాడు మహానుభావుడు."

గ్లెనిస్‌కి కోపం రాలేదు. ఏడాదిగా అందరూ నెవిల్ గురించి గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. ఒకరు అతన్ని బతికున్నవాడిలా తిడుతుంటే ఆమెకి హాయిగా ఉంది.

ఆ సిలికాన్ గీకడానికే ఒక రోజు పట్టింది. నీడ గోడ పలకల మధ్యకి జారి, చెక్క ఎక్కడ కుళ్లిందో లోపల్నించి తట్టి చెప్పేది. క్లైవ్ అక్కడ కోసి కొత్త చెక్క వేసి, పైన అతుకులన్నిటికీ జిగురు పట్టీ అంటించాడు. ఆదివారం మధ్యాహ్నం గొట్టంతో గంటసేపు నీళ్లు కొట్టారు. హేమిష్ బేసిన్‌లో వేలు పెట్టి చూశాడు. పొడిగా ఉంది. దాన్ని బోర్లించి వెళ్లిపోయాడు.

టీ తాగడం అయింది. నీడ మాత్రం దిగిరాలేదు. పని పూర్తికానిదే అది రాదు. క్లైవ్ గ్యాసు, పంపు, బ్యాటరీ అన్నీ మళ్లీ చూశాడు, లోపమేమీ లేదు. చివరికి ముందుకెళ్లి వంగి చూస్తే, డ్రైవరు సీటు కింద ముడుచుకుని ఉంది. ఎంత పిలిచినా కదల్లేదు.

"వదినా, నాకు చెప్పనిదేమన్నా ఉందా?"

గ్లెనిస్ కడిగిన కప్పునే చాలాసేపు తుడిచింది.

"కారైతే తోలతాను గానీ దీన్నెప్పుడూ తోలలేదు క్లైవ్. పదకొండేళ్లూ మ్యాపు పట్టుకుని పక్కన కూచున్నాను. మీ అన్నయ్య ఇవ్వలేదు, నేను అడగలేదు. ఇప్పుడేమో భయం. నువ్వు బాగుచెయ్యలేకపోతేనే బావుండునని కూడా అనిపించింది."

క్లైవ్ నవ్వలేదు. పెట్టె మూసేసి, వెళ్లి పక్కసీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు.

"రా, తాళం తిప్పు," అన్నాడు. "మ్యాపు నేను పట్టుకుంటా."

గేటు దాటడానికి పావుగంట పట్టింది, హేమిష్ పూలకుండీ ఒకటి పగిలింది. వైటాకీ నది వంతెన మీద ఎదురుగా పాల లారీ వస్తే ఆమె కళ్లు మూసుకోబోయి, మూసుకోలేదు. తిరిగొచ్చి పెరట్లో ఆపేసరికి పొద్దు వాలింది. క్లైవ్ దిగి తన పికప్ వైపు నడుస్తుంటే, నీడ పొడుగ్గా అతని వెనకే వెళ్లింది.

సోమవారం తొమ్మిదింటికి, కారడం ఆగినా సరే వచ్చి సంతకం పెట్టమని మళ్లీ అడగడానికి హేమిష్ ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు. ఆమె ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. ఆమె రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి.